26 వారాలకే పుట్టిన పాప ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉంది, మెరుగవుతోందని ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న పెట్టిన తండ్రి రాసింది క్లుప్తంగా ఇది. 26 వారాలకే ఆపరేషన్ చేసి పాపను తీశారు. పుట్టినప్పుడు 840 గ్రాములు. ఇవాళ్టికి 12 రోజులు, బరువు 760కి పడిపోయింది. అయిదో రోజున వెంటిలేటర్ తీసి సీప్యాప్ (ముక్కు దగ్గర ఒత్తిడితో గాలి ఇచ్చే మిషన్) పెట్టారు, తొమ్మిదో రోజున మళ్లీ వెంటిలేటర్ వేశారు. ఒక డాక్టర్ బాగుందంటారు, ఇంకొకరు ఇప్పుడే ఏమీ చెప్పలేమంటారు. భార్య పుట్టింట్లో ఉంది, 21 రోజులు గడప దాటకూడదని పెద్దవాళ్లు పంపడం లేదు. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు చూడనిస్తారు, ఆ పది నిమిషాలూ మానిటర్ వంకే చూస్తూ ఉండిపోతున్నానని రాశారు. పాప మెరుగవుతోందో లేదో ఏ లెక్కన తెలుసుకోవాలి, డాక్టర్‌ని ఏం అడగాలి అన్నది అడిగారు.

నేను నర్సుని. మొదట ప్రభుత్వ ఆసుపత్రి ఎస్ఎన్‌సీయూలో (జబ్బు చేసిన పసిపిల్లల వార్డులో) చేశాను, తర్వాత చాలా ఏళ్లుగా ఒక ప్రైవేటు ఎన్ఐసీయూలో ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. మందులు, వైద్యం డాక్టర్ల నిర్ణయాలు, వాటి జోలికి వెళ్లను. మీ పాపను చూస్తున్నది వాళ్లే కాబట్టి నేను చెప్పినదానికీ వాళ్లు చెప్పినదానికీ తేడా వస్తే వాళ్ల మాటే వినండి.

ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు. రోజును కాకుండా వారాన్ని చూడండి. బరువు, మానిటర్ అంకెలు పక్కన పెట్టి, పాపకు ఇస్తున్న ఆసరా పోయిన వారంకంటే తగ్గిందా పెరిగిందా అని చూడండి. ఊపిరికి ఇచ్చే సాయం ఎంత, కడుపులోకి వెళ్తున్న పాలు ఎన్ని, ఇన్ఫెక్షన్ ఉందా లేదా, తలకీ కళ్లకీ చేయాల్సిన పరీక్షలు ఎప్పుడు. ఈ నాలుగూ తెలిస్తే మీకు దాదాపు అంతా తెలిసినట్టే. మిగతావి డాక్టర్లూ మేమూ చూసుకునే వివరాలు.

ఇంకో విషయం. పాప వయసు 12 రోజులు అనుకోవడం మానేయండి. 26 వారాలకు 12 రోజులు కలిపితే 27 వారాల 5 రోజులు. అంటే లోపలే ఉండి ఉంటే ఇంకా ఏడో నెల బిడ్డ. 28 వారాల లోపు పుట్టిన పిల్లలను మరీ ముందుగా పుట్టినవాళ్లు అంటారు, మీ పాప ఇంకా ఆ 28 కూడా దాటలేదు. పాలు చప్పరించి, మింగి, మధ్యలో ఊపిరి తీసుకోవడం మూడూ కలిపి చేయడం పిల్లలకు 32 నుంచి 34 వారాల మధ్య వస్తుంది. ఊపిరి ఆపేసే అలవాటు చాలామందిలో 34–36 వారాలకు గాని పోదు. ఇవన్నీ పాప కోలుకోవడం మీద కంటే ఎదగడం మీద ఆధారపడ్డవి, ఏ మందూ వాటిని ముందుకు జరపదు. 'ఇన్ని రోజులైనా ఇంకా నోటితో తాగడం లేదేం' అని అడిగేవాళ్లకు నేను క్యాలెండర్ తీసి వారాలు లెక్కపెట్టి చూపిస్తాను. మీరూ ఇంట్లో క్యాలెండర్‌లో ప్రతి వారం మొదలయ్యే రోజున 28, 29, 30 అని రాసి పెట్టుకోండి.

బరువు. 840 నుంచి 760 అంటే తగ్గింది 80 గ్రాములు, పదోవంతు లోపే. ఇంత చిన్న పిల్లలు మొదటి వారంలో పుట్టిన బరువులో 10 నుంచి 15 శాతం దాకా తగ్గడం మామూలు. పోయేది చాలావరకు ఒంట్లో నీరు. పుట్టిన బరువుకి మళ్లీ చేరడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, మధ్యలో జబ్బు చేస్తే ఇంకా ఆలస్యం. ఆ తర్వాత కిలో బరువుకి రోజుకి 15–20 గ్రాములు పెరగాలని చూస్తాం. మీ పాప లెక్కలో అది రోజుకి 13 నుంచి 17 గ్రాములు. తూకంలో డైపర్ తడి, చేతికి కట్టిన చెక్క, ట్యూబు, టేపు, అన్నీ కలుస్తాయి. అందుకే ఒక రోజు 20 పెరిగి మరుసటి రోజు 10 తగ్గితే మేం కంగారు పడం. తమాషా ఏంటంటే, ఒక్కరోజులో 50 గ్రాములు పెరిగితే తల్లిదండ్రులు స్వీట్లు పంచుతారు, మేం మాత్రం కళ్ల చుట్టూ, పాదాల మీద నీరు పట్టిందేమోనని నొక్కి చూస్తాం. వారానికోసారి తల చుట్టుకొలత కూడా తీస్తాం, అదీ అడిగి రాసుకోండి.

ఇక ఊపిరి. మీ టెన్షన్ అంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

26 వారాల ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ అనే పదార్థం సరిపడా తయారు కాదు. అది లేకపోతే గాలి సంచులు ప్రతి ఊపిరికీ మూసుకుపోతాయి. పుట్టగానే మీ పాపకి మందు రూపంలో అది ఇచ్చి ఉంటారు, డిశ్చార్జ్ సమ్మరీలో ఎలాగూ రాస్తారు. తర్వాత ఆసరా మెట్టు మెట్టుగా తగ్గిస్తూ పోతారు. గొంతులో ట్యూబుతో వెంటిలేటర్, ఆ తర్వాత ముక్కు దగ్గర ఒత్తిడితో గాలి ఇచ్చే సీప్యాప్, తర్వాత ముక్కులోకి వేగంగా గాలి పంపే హై ఫ్లో, తర్వాత సన్న గొట్టంతో కొద్దిగా ఆక్సిజన్, చివరికి మామూలు గాలి. అందరూ అన్ని మెట్లూ దిగరు, కొందరు ఒకటి దాటేస్తారు. చాలామంది మాత్రం ఒకటి రెండుసార్లు మళ్లీ పైమెట్టు ఎక్కి దిగుతారు.

తొమ్మిదో రోజున మళ్లీ ట్యూబు వేశారని మీరు 'అంతా మొదటికి వచ్చింది' అని రాశారు. 26 వారాల పిల్లల్లో ఇది మాకు తరచూ కనిపించేదే. సీప్యాప్ మీద ఊపిరి తీయడం పిల్లల పనే. ఆ పని నాలుగు రోజులు చేసి అలిసిపోయి ఉండవచ్చు, పదే పదే ఊపిరి ఆపుతూ ఉండవచ్చు, ఇన్ఫెక్షన్ మొదలై ఉండవచ్చు, పుట్టాక మూసుకోవాల్సిన గుండె పక్క రక్తనాళం (పీడీఏ అంటారు) తెరిచే ఉండి ఊపిరితిత్తుల్లోకి ఎక్కువ రక్తం తోస్తూ ఉండవచ్చు. ఇక్కడ మీరు అడగాల్సింది 'ఎందుకు మళ్లీ వేశారు' అని. ఈ నాలుగింట్లో ఏది కారణమన్నదాని బట్టి ముందు ఏం జరుగుతుందో మారుతుంది. అలసటే అయితే కొన్ని రోజుల విశ్రాంతి తర్వాత మళ్లీ తీసి చూస్తారు. పీడీఏ అయితే ఎకో (గుండె స్కాన్) చేసి మందు ఇవ్వాలా, ఆగి చూడాలా అని నిర్ణయిస్తారు. ఇన్ఫెక్షన్ అయితే ముందు అది తగ్గాలి.

వెంటిలేటర్ మీద ఉన్న రోజుల్లో కూడా మెరుగుదల కనిపిస్తుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మిషన్ మీద 'ఎఫ్ఐఓ2' అని ఉండే అంకె పాపకి ఎంత శాతం ఇస్తున్నారో చెప్తుంది. పోయిన మంగళవారం 45 ఉండి ఈ మంగళవారం 28 ఉంటే, మిషన్ అదే అయినా పాప మెరుగైనట్టే. మిషన్ సీప్యాపే కదా అని సంతోషపడి, అంకె 25 నుంచి 40కి వెళ్లిన సంగతి గమనించని వాళ్లనూ చూశాను. డాక్టర్ రౌండ్‌లో అడిగేది ఇదే కాబట్టి మీరూ అదే అడగండి.

కెఫీన్ ఇస్తున్నామంటే చాలామంది భయపడతారు. కాఫీలో ఉండే పదార్థమే అది, మెదడుకి ఊపిరి తీయమని గుర్తు చేస్తుంది. కొన్ని వారాల పాటు ఇస్తారు. ఊపిరి ఆగడం అంటే 20 సెకన్లు, లేదా అంతకంటే తక్కువే అయినా గుండె వేగం, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోయేలా ఆగడం. రోజుకి ఎన్నిసార్లు ఆగింది, తనంతట తనే మళ్లీ తీసుకుందా, మేం కాలు తట్టాల్సి వచ్చిందా, బ్యాగుతో గాలి ఇవ్వాల్సి వచ్చిందా అన్నది మా చార్టులో ఉంటుంది. తట్టాల్సిన సార్లు తగ్గుతూ వస్తే మంచి గుర్తు. తగ్గినవి ఒక్కసారిగా పెరిగితే మేం మొదట అనుమానించేది ఇన్ఫెక్షన్‌నే.

మానిటర్ సంగతికి వస్తే, ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకి మేం కావాలనే సాచురేషన్ 90 నుంచి 95 మధ్య ఉంచుతాం. 100 చూపిస్తే మీకు సంబరం, మాకు ఆక్సిజన్ తగ్గించే పని. ఎక్కువ ఆక్సిజన్ ఈ పిల్లల కంటి వెనక ఉండే రెటీనా పొరను దెబ్బతీస్తుంది. 'సిస్టర్, 91 ఉంది, కొంచెం పెంచండి' అని రోజూ ఎవరో ఒకరు బతిమాలతారు. పెంచము, అది పీనాసితనం అనుకోవద్దు. అలారం మోగినా మేం పరిగెత్తుకు రాకపోవడం మీకు నిర్లక్ష్యంలా కనిపించవచ్చు. అలారం మోగగానే మేం ముందు మానిటర్‌ని కాక బిడ్డని చూస్తాం: రంగు ఎలా ఉంది, ఛాతీ ఎగరేస్తోందా, కాలికి కట్టిన ప్రోబ్ ఊడిందా. సగంసార్లు కాలు ఆడించడం వల్లే మోగుతుంది. బిడ్డ గులాబీ రంగులో ఉండి ఊపిరి తీస్తుంటే ఒక్క నిమిషం ఆగుతాం, తనే సర్దుకుంటుంది.

ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉండేవాడు, వచ్చినప్పుడల్లా మానిటర్‌కి ఫోటో తీసి ఇంటికెళ్లి ఎక్సెల్‌లో గ్రాఫు గీసేవాడు. రోజుకి రెండు ఫోటోలతో గీసిన గ్రాఫులో ఏముంటుంది? ఆ రెండు క్షణాలు తప్ప. రాత్రుళ్లు నిద్ర మాత్రం పోయింది. చివరికి మా డాక్టర్ ఆయన్ని కూర్చోబెట్టి, ఎఫ్ఐఓ2, పాలు, బరువు, ఈ మూడింటికే వారానికోసారి చుక్క పెట్టమన్నారు. నాలుగు వారాలయ్యాక ఆ గ్రాఫు ఆయనే మాకు చూపించాడు. మీరూ ఫోటోలు తీయదలిస్తే పాపకి తీయండి, ఫ్లాష్ ఆపి.

పాలు. ఇక్కడ మీ ఇంటి పెద్దవాళ్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి.

ఇంత చిన్న పిల్లలకి మొదట్లో రక్తనాళంలోకి ఎక్కించే ద్రవాల్లోనే (టీపీఎన్) తిండంతా వెళ్తుంది. దాంతోపాటు ట్యూబు ద్వారా కడుపులోకి రెండు గంటలకోసారి ఒక మిల్లీలీటరు, రెండు మిల్లీలీటర్లు పాలు మొదలుపెడతారు. అరగక వాంతి కాకుండా, పొట్ట ఉబ్బకుండా ఉంటే పెంచుతూ పోతారు. పూర్తి పాలు అంటే కిలోకి రోజుకి 150 మిల్లీలీటర్లు, అంతకు కొంచెం పైన. 840 గ్రాముల బిడ్డకి అది రోజంతా కలిపి 126 మిల్లీలీటర్లు, అంటే రెండు గంటలకోసారి పది మిల్లీలీటర్లు. రెండు టీస్పూన్లు! అక్కడికి చేరడానికే రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఆ రోజు వస్తే టీపీఎన్ ఆపుతారు, అది ఎక్కించే గొట్టం (లైను) తీసేస్తారు, లైను పోతే ఇన్ఫెక్షన్ రావడానికి ఒక దారి మూసుకుపోతుంది. నా దృష్టిలో వెంటిలేటర్ తీసిన రోజు ఎంత పెద్ద రోజో, చివరి లైను తీసిన రోజూ అంతే.

ఈ పాలు తల్లివి అయితేనే మేలు. నెలలు నిండని పిల్లల పేగులకి ఎన్ఈసీ అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు: పొట్ట ఉబ్బుతుంది, ట్యూబులో ఆకుపచ్చ పసరు వస్తుంది, మలంలో రక్తం పడుతుంది. డబ్బా పాల కంటే తల్లిపాల మీద ఉన్న పిల్లలకి ఇది తక్కువ వస్తుంది. మీ భార్యకి ఇప్పుడు బిడ్డ నోటితో తాగకపోయినా, రోజుకి ఎనిమిది సార్లకి తగ్గకుండా, రాత్రి ఒకసారైనా సరే, చేత్తోనో పంపుతోనో పాలు తీస్తేనే పాలు నిలుస్తాయి. తీయకపోతే ఇంకో వారంలో ఎండిపోతాయి. నెల తర్వాత బిడ్డని చేతిలో పెట్టినప్పుడు పాలు లేవని ఏడ్చే తల్లులని చూడటం నాకు ఇష్టం ఉండదు.

పుట్టింట్లో ఉన్నా తీయవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆసుపత్రి ఇచ్చిన శుభ్రమైన గిన్నెలో తీసి, తేదీ, టైము రాసి, ఐస్ పెట్టిన డబ్బాలో పంపండి. గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు అన్నది మా దగ్గర లెక్క. మీ యూనిట్ నియమం ఏమిటో అడగండి. మొదట పావు చెంచా వచ్చినా పారేయొద్దు, ముర్రుపాల చుక్క బుగ్గలోపల రాస్తాం. బాలింతకి కారప్పొడి అన్నం ఒక్కటే పెట్టి, నీళ్లు తాగనివ్వకుండా ఉంచే పథ్యం ఇప్పుడు పనికిరాదు. పప్పు, కూర, గుడ్డు, పాలు, దాహం వేసినన్ని నీళ్లు ఇవ్వమని మీ అత్తగారితో మీరే చెప్పండి. తల్లికి పాలు చాలకపోతే, ఆసుపత్రికి తల్లిపాల బ్యాంకు సౌకర్యం ఉందేమో అడగండి. మన దేశంలో మొదటిది ముంబై సయన్ ఆసుపత్రిలో 1989లోనే వచ్చింది, హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి పేరుతో ఒకటి ఉంది. ఇంటి పక్కన బాలింత పాలు మాత్రం నేరుగా తెచ్చి ఇవ్వకండి, పరీక్ష చేసి వేడి చేసిన పాలే ఇవ్వాలి.

ఇక 21 రోజుల సంగతి. పురుడు, మైల మీ ఇంటి ఆచారం, నేను కాదనను. కానీ అది దేవుడి గదికీ వంటింటికీ గాని ఎన్ఐసీయూకి కాదు కదా. కుట్లు మానుతుంటే, ఆమె డాక్టర్ సరేనంటే, కారులో రావచ్చు. మా దగ్గర ఎందరో తల్లులు ఆపరేషన్ అయిన మూడో రోజు వీల్‌చెయిర్‌లో వచ్చారు. పెద్దవాళ్లతో వాదించి గెలవలేకపోతే డాక్టర్‌తో చెప్పించండి. 'తల్లి రావాలి, ఇది వైద్యంలో భాగం' అని డాక్టర్ ఒక్క మాట అంటే చాలా ఇళ్లలో పని జరుగుతుంది.

నిజంగానే వైద్యంలో భాగం. కంగారూ మదర్ కేర్ అని వినే ఉంటారు. బిడ్డని బట్టలు లేకుండా, టోపీ, డైపర్‌తో తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచడం. ఇంక్యుబేటర్లు చాలక కొలంబియాలోని బొగొటాలో 1978లో మొదలైన పద్ధతి ఇది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని పిల్లలందరికీ దీన్ని రోజుకి ఎనిమిది గంటల నుంచి వీలైనంత ఎక్కువ సేపు ఇవ్వాలని చెప్పింది. బాగా విషమంగా ఉన్న పిల్లల విషయం వేరు, అది డాక్టర్ నిర్ణయం. సీప్యాప్ మీద ఉన్న పిల్లలకి చాలాచోట్ల ఇస్తున్నారు. తండ్రి కూడా చేయవచ్చు, మీ ఛాతీ మీద వెంట్రుకలు అడ్డం రావు. 'ఎప్పటి నుంచి చేయవచ్చు' అని మీరు అడక్కపోతే రద్దీగా ఉండే యూనిట్లో ఎవరికీ గుర్తుండకపోవచ్చు. అప్పటిదాకా చూసే పది నిమిషాల్లో చేయి శుభ్రంగా కడుక్కుని, అనుమతి తీసుకుని, అరచేయి పాప తల మీద, పాదాల మీద కదపకుండా ఆనించి ఉంచండి. నిమరొద్దు, 27 వారాల చర్మానికి నిమిరితే ఇబ్బంది.

ఇన్ఫెక్షన్ గురించి కొద్దిగా. ఎన్ఐసీయూలో ఇన్నాళ్లుండే పిల్లల్లో చాలామందికి ఒకసారైనా ఆ అనుమానంతో యాంటీబయోటిక్ మొదలుపెడతారు. రక్తం కల్చర్‌కి (అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి) పంపితే జవాబు రావడానికి రెండు మూడు రోజులు. అంతవరకు 'ఉందో లేదో తెలీదు' అనే డాక్టర్ మీ దగ్గర ఏమీ దాచడం లేదు. మీరు అడగాల్సింది: కల్చర్ పంపారా, రిపోర్టు ఎప్పుడు వస్తుంది, ఏమీ రాకపోతే మందు ఆపుతారా. మీ వంతు పని చేతులు కడగడం. ఉంగరాలు, గడియారం, చేతికి కట్టిన తాళ్లు తీసేసి, మోచేతుల దాకా. తిరుపతి దారమైనా సరే, తీసి జేబులో పెట్టుకోండి.

తల స్కాన్ గురించి మీరు అడగలేదు కానీ చెప్తాను. మెదడులో రక్తస్రావం అవుతుందన్న భయం మొదటి మూడు రోజుల్లోనే ఎక్కువ. మొదటి వారంలో చేసిన స్కాన్ బాగుంటే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు. నెల దగ్గర ఒకసారి, డెలివరీ డేటు దగ్గర ఒకసారి మళ్లీ చేస్తారు. రిపోర్టులో రక్తస్రావం గ్రేడ్ 1, 2 అంటే చిన్నవి. 3, 4 అయితే తర్వాత జాగ్రత్తగా గమనిస్తూ ఉండాలి, అయినా అదొక్కటే బిడ్డ భవిష్యత్తు చెప్పదు.

ఒక డాక్టర్ ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెప్పడం గురించి. రాత్రి డ్యూటీ డాక్టర్ ఆ రాత్రి గురించి చెప్తారు, పెద్ద డాక్టర్ మొత్తం గురించి చెప్తారు. ఇద్దరూ నిజమే చెప్తుండవచ్చు. 'స్టేబుల్' అంటే నిన్నటికంటే దిగజారలేదని, అంతే. వివరాలు ఒక్కరి దగ్గరే తీసుకోండి: మీ పాప కన్సల్టెంట్, రోజూ ఒకే సమయానికి. మీ వైపు నుంచి కూడా ఒక్కరే మాట్లాడండి. మామయ్య, బాబాయి, తెలిసిన డాక్టరుగారి బామ్మర్ది, నలుగురూ ఫోన్లు చేస్తే నలుగురికీ నాలుగు ముక్కలు వెళ్తాయి, అవి ఇంట్లో కలిసేసరికి పాపకి లేని జబ్బులు వస్తాయి. ఒక నోటుబుక్ పెట్టుకోండి. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక ఆటో డ్రైవరు, పెద్దగా చదువుకోలేదు, రోజూ వచ్చి మూడే అడిగేవాడు: 'గాలి ఎంత, పాలు ఎన్ని, నిన్నటి నుంచి ఏం మార్చారు?' మా డాక్టర్లు అతనికి జవాబు చెప్పడానికి ఆగి మరీ నిలబడేవాళ్లు. అతని ప్రశ్నలే మీకు చాలు. వారానికోసారి మాత్రం నాలుగోది కలపండి: 'పోయిన వారంతో పోలిస్తే మీకు ఎలా అనిపిస్తోంది, ఇప్పుడు మీరు దేనికి భయపడుతున్నారు?' ఆ రెండో సగం అడిగితే డాక్టర్ మనసులో మాట బయటికి వస్తుంది.

ఇంకోటి కూడా చెప్పాలి, దాచడం నాకు చేతకాదు. 26 వారాల పిల్లలందరూ ఇంటికి వెళ్లరు. బాగా నడుస్తున్న పెద్ద యూనిట్లలో ఎక్కువమంది బతుకుతున్నారు, కానీ అది యూనిట్‌ను బట్టి చాలా మారుతుంది. 'ఈ వారాల్లో పుట్టిన పిల్లలు మీ దగ్గర ఎంతమంది ఇంటికి వెళ్లారు' అని అడగడానికి మీకు హక్కుంది, మంచి డాక్టర్ నొచ్చుకోరు. పన్నెండు రోజులు దాటడం చిన్న విషయం కాదు, ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి రోజుల్లోనే. కానీ మూడో వారంలో ఇన్ఫెక్షన్‌తో పోయిన బిడ్డని కూడా నేను చూశాను, అప్పటిదాకా బాగా ఉన్నవాడే, కవలల్లో ఒకడు. రెండోవాడు ఇంటికి వెళ్లాడు. ఆ తల్లి రెండోవాడికి పాలు తీయడం ఒక్క పూట కూడా ఆపలేదు. అలాంటి సమయంలో తల్లికి నిద్ర పట్టకపోయినా, మాట్లాడటం మానేసినా, 'నా వల్లే ఇలా అయింది' అంటున్నా తేలిగ్గా తీసుకోకండి, ఆమె డాక్టర్‌కి చెప్పండి. నెలలు నిండకుండా కాన్పు కావడానికి మెట్లెక్కడమో బొప్పాయి తినడమో కారణం అని చుట్టాలు అంటే అక్కడే ఆపించండి.

చుట్టాలు ఇంకో మాట కూడా అంటారు: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డే బతకదు అని. అది తప్పు. లోపల గడిచిన ప్రతి వారం బిడ్డకి బలమే. ఏడో నెల బిడ్డే కదా గట్టిదని ధీమా పడొద్దు, పక్క వార్మర్ (వెచ్చగా ఉంచే మంచం) మీద ఉన్న 32 వారాల బిడ్డతో పోల్చుకుని దిగులు పడొద్దు.

డబ్బు గురించి: వారానికోసారి అంచనా రాతలో అడగండి. ఆసుపత్రి ఆరోగ్యశ్రీలో ఉంటే అక్కడి ఆరోగ్యమిత్రని కలిసి ఏ ప్యాకేజీ వర్తిస్తుందో తెలుసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బు చేసిన పసిపిల్లలకి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద వైద్యం ఉచితం. కానీ వెంటిలేటర్ మీద ఉన్న 800 గ్రాముల బిడ్డని ఖర్చు భయంతో మామూలు అంబులెన్స్‌లో మార్చడం ప్రాణాంతకం. మార్చక తప్పకపోతే ముందు అవతల బెడ్, వెంటిలేటర్ ఖాయం చేసుకుని, ఇంక్యుబేటర్, డాక్టర్ ఉన్న బండిలోనే తీసుకెళ్లాలి.

ఇంటికి ఎప్పుడు అంటే, మీ డెలివరీ డేటు చుట్టుపక్కల అనుకోండి, ఒక నెల ముందైనా ఆశ్చర్యం లేదు, తర్వాతైనా కాదు. మేం తేదీ చూడం. బయట గదిలో ఒంటి వేడి నిలుపుకోవాలి, ఉగ్గుగిన్నెతోనో రొమ్ము పట్టో పాలన్నీ నోటితో తాగాలి, వరసగా బరువు పెరగాలి, కెఫీన్ ఆపాక కనీసం అయిదారు రోజులు ఊపిరి ఆపకుండా ఉండాలి. కొందరు ఇంటికి ఆక్సిజన్‌తో వెళ్తారు, అదీ కొన్ని నెలల మాటే. వెళ్లేముందు వినికిడి పరీక్ష చేయించుకోండి. టీకాలు పుట్టిన తేదీ లెక్కన, ఎదుగుదల మాత్రం రెండేళ్లు వచ్చేదాకా డెలివరీ డేటు లెక్కన చూడాలి.

వీటన్నిటికంటే ముందు, ఈ వారమే అడగాల్సింది ఒకటుంది. కంటి పరీక్ష. 28 వారాల లోపు పుట్టినవాళ్లకి, 1200 గ్రాముల లోపు ఉన్నవాళ్లకి రెటీనా పరీక్ష పుట్టిన రెండు మూడు వారాలకే మొదలవ్వాలి. మీ పాపకి ఇప్పుడు 12 రోజులు కాబట్టి ఆ తేదీ దగ్గర పడింది. ఆర్‌ఓపీ అనే ఈ కంటి జబ్బు పైకి ఏమీ కనిపించదు, చూసే డాక్టర్ చూస్తేనే తెలుస్తుంది, సమయానికి లేజర్ చేస్తేనో ఇంజెక్షన్ ఇస్తేనో చూపు నిలుస్తుంది, ఆలస్యమైతే తిరిగి రాదు. ఒకసారి చూస్తే అయిపోదు, రెటీనా పూర్తిగా ఎదిగేవరకు వారం పది రోజులకోసారి చూస్తారు. వెంటిలేటర్ మీద ఉంటే కంటి డాక్టరే వార్మర్ దగ్గరికి వస్తారు. రేపు రౌండ్‌లో తేదీ అడిగి, నోటుబుక్‌లో రాసుకుని, ఆ రోజు చూశారో లేదో సాయంత్రం సిస్టర్‌ని అడగండి.